పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా పల్లె స్త్రీ పుట్టిల్లు వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా సంబంధం కలుపుకున్న తెలుగు ఇళ్లలో కోడలి వైపో అల్లుడి వైపో వంశవృక్షం గీయడం మొదలుపెడితే మగవాళ్ల పేర్లు ఆరేడు తరాలు చకచకా వెనక్కి వెళ్తాయి. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి "మేరీ, జాన్ భార్య, 1831 ప్రాంతంలో టెన్నెసీలో పుట్టింది" అన్న ఒక్క ముక్కతో ఆగిపోతాయి. ఆ మేరీ ఎవరి కూతురో తేల్చడం కష్టమే. కానీ చాలామంది అనుకున్నంత అసాధ్యం కాదు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టేటప్పుడు

పెళ్లయ్యాక వచ్చిన పేరు ఒక్కటే తెలుసు. పుట్టింటి పేరు ఎక్కడ దొరుకుతుంది?

ఆమెను వదిలి ముందు ఆమె పిల్లల కాగితాలు పట్టుకోండి. చాలా రాష్ట్రాల్లో మరణాల నమోదు గట్టిగా మొదలైంది 1900 తర్వాతే. 1840లో పుట్టిన తల్లికి జనన పత్రం ఉండదు. కానీ 1925లో పోయిన ఆమె కొడుకు మరణ పత్రంలో "తల్లి పుట్టింటి పేరు" అని ఒక గడి ఉంటుంది. తొమ్మిదిమంది పిల్లలుంటే తొమ్మిదిమందివీ తీయాలి. మీకు కావలసిన పేరు మీ ముత్తాత పత్రంలో "తెలియదు" అని ఉండి, పెళ్లి కాని ఆయన చెల్లెలి పత్రంలో పూర్తిగా ఉండటం మామూలే.

ఆ గడి కింద వివరాలు చెప్పిన మనిషి పేరు కూడా ఉంటుంది. అది తప్పకుండా చూడండి. చెప్పింది అల్లుడైతే అమ్మమ్మ పుట్టింటి పేరు అతనికి సరిగ్గా తెలియకపోవచ్చు, తనకు గుర్తున్న మరో ముసలావిడ పేరు చెప్పి ఉండొచ్చు. మూడు పత్రాల్లో ఒకే పేరు ఉన్నా, ముగ్గురికీ ఒకే మనిషి చెప్పి ఉంటే అది ఒక్క సాక్ష్యమే.

ఇంకో మంచి కాగితం సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వ వృద్ధాప్య పింఛను పథకం, దరఖాస్తు, ఎస్‌ఎస్-5 అంటారు. 1936 చివర్లో మొదలైంది. ఇందులో తల్లి పుట్టింటి పేరు దరఖాస్తుదారే స్వయంగా చెప్పాలి. 1870ల తర్వాత పుట్టి, ఉద్యోగం చేసిన పిల్లలుంటే వదలొద్దు.

ఆ రోజుల్లో ఆడవాళ్ల పేరు మీద కాగితాలే లేవంటారు, నిజమేనా?

సగమే నిజం. ఇంగ్లాండు నుంచి వచ్చిన చట్టం ప్రకారం పెళ్లితో భార్య చట్టపరమైన ఉనికి భర్తలో కలిసిపోయేది. ఆస్తి, కూలి డబ్బు, దావా వేసే హక్కు అన్నీ భర్తవే. 1839లో మిసిసిపీ, 1848లో న్యూయార్క్ భార్యల ఆస్తి హక్కు చట్టాలు చేశాక గానీ ఇది మెల్లగా సడలలేదు. అందుకే పన్ను చిట్టాల్లో, ఓటరు జాబితాల్లో ఆమె కనపడదు.

కానీ అదే చట్టానికి కొన్ని సందర్భాల్లో ఆమె లేకుండా పని జరగదు. పెళ్లి లైసెన్సు, భర్త భూమి అమ్మకం, తండ్రి ఆస్తి పంపకం, భర్త పోయాక పిల్లల సంరక్షణ, సైనికుడి విధవగా పింఛను. ఈ ఐదు చోట్లా ఆమె పేరు రాయక తప్పదు. కాబట్టి ఆమె పేరుతో సూచికలు తిరగేయడం మాని, తండ్రి, భర్త, అన్నదమ్ముల ఫైళ్ల లోపలి పేజీలు చదవండి.

ఒక కాగితంలో మేరీ, ఇంకోదాంట్లో పాలీ. ఇద్దరూ ఒకరేనా?

ఒకరే అయ్యే అవకాశం ఎక్కువ. మనకు వెంకటలక్ష్మి "ఎంకి" అయినట్టే అక్కడా ముద్దుపేర్లు అసలు పేరుతో పోలిక లేకుండా ఉంటాయి. మేరీకి పాలీ, మార్తాకు పాట్సీ, సారాకు సాలీ, మార్గరెట్‌కు పెగీ, ఎలిజబెత్‌కు బెట్సీ, సుసానాకు సూకీ, హారియెట్‌కు హ్యాటీ. యాన్‌ను నాన్సీ అనేవారు, కానీ నాన్సీ అనే పేరే విడిగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకే ఇంట్లో నాన్సీ, యాన్ అని ఇద్దరు కూతుళ్లు కనిపిస్తే వాళ్లను ఒకరు చేసేయొద్దు.

కొడుకుల మధ్య పేరు కూడా చూడండి. విలియం తర్వాత మామూలు పేరు కాక ఏదో ఇంటిపేరులా వినిపించేది ఉంటే అది తల్లి పుట్టింటి పేరో, అమ్మమ్మ పుట్టింటి పేరో కావచ్చు. అది ఆధారం కాదు, ఎక్కడ వెతకాలో చెప్పే ఆచూకీ మాత్రమే. ఆ కాలంలో రాజకీయ నాయకుల, మతబోధకుల ఇంటిపేర్లు కూడా పిల్లలకు అలాగే పెట్టేవారు.

ఏ కౌంటీలో వెతకాలి? ఆమె ఊరు ఇప్పుడు వేరే కౌంటీలో ఉంది కదా?

సంఘటన జరిగిన సంవత్సరంలో ఆ ఊరు ఏ కౌంటీలో ఉందో అక్కడే. మనకు జిల్లాలు విడిపోయినట్టే అక్కడ కౌంటీలు విడిపోతూ వచ్చాయి. పాత పుస్తకాలు మాత్రం పాత కౌంటీ కోర్టులోనే ఉండిపోయాయి. కుటుంబం ఒక్క అడుగు కదలకుండా ముప్పై ఏళ్లలో మూడు కౌంటీల్లో నమోదై ఉండొచ్చు. షికాగోలోని న్యూబెరీ లైబ్రరీ తయారుచేసిన చారిత్రక కౌంటీ సరిహద్దుల అట్లాసు ఆన్‌లైన్‌లో ఉచితం. తేదీ ఇస్తే ఆ రోజు సరిహద్దు చూపిస్తుంది. వెస్ట్ వర్జీనియా 1863 వరకు వర్జీనియాలో భాగమన్నది కూడా గుర్తుండాలి. "వర్జీనియాలో పుట్టింది" అంటే ఇప్పటి వర్జీనియా కానక్కర్లేదు.

కోర్టు కాలిపోయిందట. ఇక దారి లేనట్టేనా?

ఉంది. ముందు ఏ సంవత్సరం కాలింది, ఏ గది కాలింది అని కనుక్కోండి. పెళ్లి పుస్తకాలు పోయి దస్తావేజులు మిగిలిన కౌంటీలున్నాయి. మంటల తర్వాత భూయజమానులు తమ పాత దస్తావేజులు తెచ్చి మళ్లీ నమోదు చేయించుకున్నారు, అందుకే 1830 నాటి దస్తావేజు 1870 నాటి పుస్తకంలో దొరకొచ్చు. జనాభా లెక్కలు, పింఛను, ప్రభుత్వ భూముల కాగితాలు వాషింగ్టన్‌వి. కౌంటీ కోర్టు కాలితే వాటికేమీ కాలేదు.

## జనాభా లెక్కలు

1850కి ముందు లెక్కల్లో ఆమె పేరు ఎందుకు లేదు?

1790 నుంచి 1840 వరకు ఇంటి యజమాని పేరొక్కటే రాశారు. మిగతావాళ్లు వయసు గడుల్లో అంకెలు. 1830, 1840ల్లో ఇరవై ఏళ్ల లోపు వాళ్లకు ఐదేళ్లకో గడి, ఆపైన పదేళ్లకో గడి. అంకెలే అయినా పనికొస్తాయి. 1831లో పుట్టిన పిల్ల తండ్రిగా మీరు అనుమానిస్తున్న మనిషి ఇంట్లో 1840లో ఐదు నుంచి పదేళ్ల లోపు ఆడపిల్లల గడి ఖాళీగా ఉంటే ఆ అనుమానం బలహీనపడుతుంది. గడిలో అంకె ఉన్నంత మాత్రాన ఆమే అని మాత్రం చెప్పలేం, మేనకోడలు కావచ్చు, పనిపిల్ల కావచ్చు. విధవ ఇంటి యజమాని అయితే ఆమె పేరే రాసేవారు. ఇంకొక్క మాట: 1840లో సైనిక పింఛను తీసుకునే వాళ్ల పేరు, వయసు విడిగా రాశారు. కొడుకు ఇంట్లో ఉంటున్న ముసలి విధవ పేరు అలా దొరుకుతుంది.

1850లో ఒక ఇంట్లో ఆమె పేరు ఉంది. ఆ ఇంటి యజమాని ఆమె తండ్రేనా?

అలా అనుకోవద్దు. 1850, 1860, 1870 లెక్కల్లో బంధుత్వం గడే లేదు. నలభై ఐదేళ్ల జేమ్స్, ముప్పై ఏళ్ల నాన్సీ, పంతొమ్మిదేళ్ల మేరీ, పదిహేడేళ్ల విలియం, నాలుగేళ్ల జాన్ వరుసగా ఉన్నారనుకోండి. నాన్సీకి, మేరీకి మధ్య పదకొండేళ్లే. అంటే నాన్సీ రెండో భార్య, మేరీ మొదటి భార్య కూతురు అయి ఉండాలి. లేదా మేరీ జేమ్స్ చెల్లెలు కూడా కావచ్చు. విలియంకు, జాన్‌కు మధ్య ఉన్న పదమూడేళ్ల ఖాళీ కూడా మొదటి భార్య పోయి ఇల్లు కొన్నాళ్లు ఆగిన సంగతే చెబుతోంది. ఇలా ఖాళీలు లెక్కపెట్టడం అలవాటు చేసుకోండి.

బంధుత్వం మొదటిసారి రాసింది 1880లో. అందుకే ఆమె పెళ్లై పిల్లల తల్లి అయినా 1880 పేజీ తప్పకుండా తీయాలి. ఆమె భర్త ఇంట్లో "అత్తగారు" అనో "బావమరిది" అనో ఎవరైనా ఉంటే ఆ ఇంటిపేరే మీరు వెతుకుతున్నది కావచ్చు. అత్తగారు మారుమనువు చేసుకుని ఉంటే పేరు మారుతుంది, బావమరిది పేరు నమ్మకమైనది. బావమరిది అంటే భర్త చెల్లెలి మొగుడు కూడా కావచ్చు, అది సరిచూసుకోవాలి.

ప్రతి లెక్కలో వయసు వేరేగా ఉంది. ఏది నమ్మాలి?

చిన్నప్పుడు రాసినది. పదేళ్లలోపు పిల్ల వయసులో తేడా ఒకటి రెండేళ్లు దాటదు. పెద్దయ్యాక పదేళ్లలో ఏడేళ్లే పెరిగిన ఆడవాళ్లు ఎందరో, ముసలితనంలో ఎక్కువ చెప్పుకున్నవాళ్లూ అంతే. 1830 నుంచి 1900 వరకు వయసు జూన్ 1 నాటికి చెప్పాలి, గణకుడు ఇంటికి ఏ రోజు వచ్చినా సరే. జూన్, డిసెంబరు మధ్య పుట్టినవాళ్లకు సంవత్సరాన్ని వయసుతో తీసివేస్తే ఒక ఏడాది తేడా వచ్చేది అందుకే. 1900లో మాత్రం పుట్టిన నెల, సంవత్సరం రెండూ అడిగారు.

1880 తర్వాత ఒక్కసారిగా 1900. మధ్యలో 1890 ఏమైంది?

1921 జనవరిలో వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో అగ్నిప్రమాదం జరిగింది. 1890 కాగితాలు మంటల్లో, నీళ్లలో పాడై, మిగిలినవి కూడా తర్వాత పారేశారు. దాదాపు ఆరు వేల పేర్లే మిగిలాయి. ఆ ఇరవై ఏళ్లలో ఆడపిల్ల పుట్టి, పెరిగి, పెళ్లై వెళ్లిపోతుంది. అదే నష్టం.

దాన్ని పూడ్చడానికి రాష్ట్రాల సొంత లెక్కలు వాడాలి. కాన్సస్‌లో 1875, 1885, 1895 ఉన్నాయి, ఎక్కడి నుంచి కాన్సస్‌కు వచ్చారన్న గడి కూడా ఉంది. అయోవాలో 1885, 1895 ఉన్నాయి. న్యూయార్క్ 1855 లెక్కలో పుట్టిన కౌంటీ అడిగారు. అయోవా 1925 లెక్క బంగారం లాంటిది: ప్రతి మనిషి తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు, వాళ్ల పెళ్లి జరిగిన చోటు అడిగారు. 1850ల్లో పుట్టిన స్త్రీ 1925 దాకా అయోవాలో బతికి ఉంటే ఒక్క పేజీతో ఒక తరం వెనక్కి వెళ్లొచ్చు.

1900 లెక్కలో ఆమె పేరు పక్కన "9", "5" అని ఉన్నాయి. అవేమిటి?

తొమ్మిదిమందిని కన్నది, ఐదుగురు బతికున్నారు. 1900, 1910ల్లో తల్లుల్ని ఈ ప్రశ్న అడిగారు. మీ దగ్గర ఏడుగురి పేర్లే ఉంటే ఇంకా ఇద్దరిని వెతకాలి. వాళ్లు లెక్కకూ లెక్కకూ మధ్య పుట్టి పోయినవాళ్లు. 1850 నుంచి 1880 వరకు ప్రతి లెక్కతోపాటు అంతకుముందు పన్నెండు నెలల్లో పోయినవాళ్ల జాబితా విడిగా ఉంది, అందులో చూడండి. పెళ్లై ఎన్నేళ్లైందన్న గడిని కూడా పెద్ద బిడ్డ వయసుతో పోల్చండి. పెళ్లై ఇరవై ఏళ్లు, బిడ్డకు ఇరవై ఆరేళ్లు అయితే ఆ బిడ్డ మొదటి పెళ్లి నాటిదో, భర్త మొదటి భార్య బిడ్డో అయ్యే అవకాశం ఎక్కువ.

## పెళ్లి కాగితాలు

మ్యారేజ్ బాండ్ అంటే ఏమిటి? అందులో ఆమె తండ్రి పేరు ఉంటుందా?

ఈ పెళ్లికి చట్టపరంగా అడ్డేమీ లేదని పెళ్లికొడుకు ఇచ్చే జామీను కాగితం అది. వర్జీనియా, నార్త్ కరోలినా, కెంటకీ, టెన్నెసీ వంటి దక్షిణాది రాష్ట్రాల్లో ఎక్కువ. అడ్డు తేలితే కట్టాల్సిన మొత్తం అందులో రాస్తారు, ముందే ఎవరూ డబ్బు కట్టరు. పెళ్లికొడుకుతోపాటు జామీనుదారు ఒకడు సంతకం చేస్తాడు. తరచుగా అతను పెళ్లికూతురి తండ్రో, అన్నో, మేనమామో. జామీనుదారు ఇంటిపేరు పెళ్లికూతురి ఇంటిపేరు ఒకటే అయితే అతని కుటుంబాన్నంతా తవ్వండి.

పిల్ల మైనరైతే తండ్రి రాసిచ్చిన సమ్మతి చీటీ ఉంటుంది. అరచేతంత కాగితం ముక్క, బాండుకు జతచేసి మడిచిపెట్టి ఉంటుంది. అచ్చయిన సూచికల్లో ఆ చీటీ సంగతి చాలాసార్లు రాయరు, అందుకే అసలు కాగితాల ఫొటోలు చూడాలి. తల్లి సంతకం చేసిందంటే తండ్రి అప్పటికే పోయి ఉండొచ్చు.

పెళ్లికూతురు పేరుకు ముందు "మిసెస్" అని ఉంటే ఆగి ఆలోచించండి. ఆమెకు అది రెండో పెళ్లి కావచ్చు, అప్పుడు బాండులో ఉన్నది మొదటి భర్త ఇంటిపేరు. ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే: మొదటి అత్తింటివాళ్లను పుట్టింటివాళ్లుగా రాసేస్తారు. బాండు ఉన్నంత మాత్రాన పెళ్లి జరిగినట్టు కూడా కాదు. పెళ్లి చేసిన పాస్టరు లేదా జస్టిస్ ఆఫ్ ది పీస్ (స్థానిక మేజిస్ట్రేటు) తిరిగి పంపిన ధ్రువీకరణ ఉంటేనే జరిగినట్టు.

పెళ్లి నమోదే ఎక్కడా లేదు. ఏం చేయాలి?

పెళ్లికొడుకు కౌంటీ కాదు, పెళ్లికూతురి కౌంటీ చూడండి. పెళ్లి సాధారణంగా ఆమె ఇంటి దగ్గరే జరిగేది. రాష్ట్ర సరిహద్దు పక్కన ఉన్నవాళ్లు అవతలి కౌంటీకి వెళ్లి చేసుకోవడం కూడా ఉంది. అప్పటికీ దొరక్కపోతే పెద్ద బిడ్డ పుట్టిన చోటు, అక్కడి పొరుగువాళ్ల పేర్లు పట్టుకోండి.

## భూమి, వీలునామా

తండ్రి వీలునామాలో ఆమె పేరు లేదు. కూతురు కాదన్నట్టేనా?

కాదు. పెళ్లప్పుడే ఆవు, పరుపు, గుర్రం ఇచ్చి పంపిన కూతురికి వీలునామాలో ఏమీ రాయకపోవడం ఉంది. "నా మిగతా పిల్లలకు సమానంగా" అని ఒక్క ముక్కతో తేల్చేయడమూ ఉంది. అందుకే వీలునామాతో ఆపేయకుండా ఎస్టేటు ఫైలంతా, అంటే పోయినవాడి ఆస్తి తేల్చిన కోర్టు కాగితాలన్నీ, చదవాలి: సామాన్ల జాబితా, వేలంలో ఎవరేం కొన్నారు, చివరి పంపకం, రసీదులు. "నా భార్య మేరీకి ఆమె తండ్రి ఆస్తిలో రావలసిన వాటా ముట్టింది" అని అల్లుడు రాసిచ్చిన ఒక్క రసీదు మీ ప్రశ్నకు జవాబు.

వీలునామా రాయకుండా పోయిన తండ్రి మనకు ఇంకా మేలు. అప్పుడు చట్టం ప్రకారం వారసులందరి పేర్లూ, పెళ్లైన కూతుళ్ల భర్తల పేర్లతో సహా కోర్టుకు చెప్పాలి.

ఇంకో సంగతి. తండ్రి పోయాక తల్లికి ఆయన భూమిలో మూడోవంతు బతికినంతకాలం అనుభవించే హక్కు ఉండేది, డవర్ అంటారు. ఆ ముక్క పంచేది తల్లి పోయాకే. తండ్రి 1845లో పోతే ఆ పంపకం 1868లో జరగొచ్చు. వారసులు తమ వాటాలు అమ్మిన దస్తావేజు కూడా అప్పటిదే అయి ఉంటుంది. సూచికలో అది మొదటి వారసుడి పేరు మీదో, "ఫలానావాడి వారసులు" అనో ఎక్కుతుంది. ఆమె భర్త పేరు మీద ఉండదు. తండ్రి పోయిన తర్వాత పాతికేళ్ల వరకు ఆ ఇంటిపేరున్న ప్రతి అమ్మకం చూడాలి.

వీలునామాలో "నా ప్రియమైన భార్య" అని ఉన్న స్త్రీని ఆమె తల్లిగా రాసేయొద్దు. ఆయన పోయేనాటికి ఉన్న భార్య, అంతే.

భర్త భూమి అమ్మిన దస్తావేజులో ఆమె గురించి ఏముంటుంది?

డవర్ హక్కు వదులుకుంటున్నట్టు ఆమె ఒప్పుకోవాలి. చాలా రాష్ట్రాల్లో అధికారి ఆమెను భర్తకు దూరంగా, విడిగా పిలిచి "నీ ఇష్టంతోనే వదులుకుంటున్నావా, ఎవరైనా బెదిరించారా" అని అడిగి ఆ మాట దస్తావేజు కింద రాసేవాడు. దీనివల్ల రెండు లాభాలు. 1838 దస్తావేజులో భార్య సారా, 1843లో భార్య మేరీ అని ఉంటే ఆ మధ్య సారా పోయి మేరీ వచ్చిందన్నమాట. పెళ్లి నమోదు లేకున్నా ఏళ్లు దొరికాయి. రెండోది, ఆమె సంతకం చేసిందా నిశానీ పెట్టిందా అన్నది తెలుస్తుంది. ఆ చుట్టుపక్కల అదే పేరుతో ఇద్దరుంటే ఈ తేడాతో విడదీయొచ్చు. కానీ కోర్టు పుస్తకంలో ఉన్నది గుమాస్తా ఎత్తిరాసిన నకలు. చేతిరాత పోల్చాలంటే విడి అసలు కాగితం కావాలి.

"అనాథ" అని రాసి గార్డియన్‌ను పెట్టారు. తల్లీతండ్రీ ఇద్దరూ పోయినట్టేనా?

తండ్రి పోయాడని మాత్రమే. తల్లి బతికున్నా ఆస్తి ఉన్న పిల్లలకు కోర్టు గార్డియన్‌ను పెట్టేది. పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు తమ గార్డియన్‌ను తామే ఎంచుకోవచ్చు, కాబట్టి ఆ నమోదు నుంచి వయసు అంచనా వేయొచ్చు. గార్డియన్ తరచుగా తల్లి అన్నదమ్ముడే, అంటే తల్లి పుట్టింటి పేరుకు అదొక దారి.

ఆడవాళ్లకు హోమ్‌స్టెడ్ భూమి (సాగుచేసుకునేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన భూమి) ఇచ్చారా?

ఇచ్చారు. 1862 చట్టం ప్రకారం ఇరవై ఒక్క ఏళ్లు నిండినవాళ్లు లేదా ఇంటి పెద్ద, ఐదేళ్లు అక్కడే ఉండి సాగుచేస్తే 160 ఎకరాల వరకు తీసుకోవచ్చు. పెళ్లికానివాళ్లకు, విధవలకు, విడాకులైనవాళ్లకు అర్హత ఉంది. భర్తతో ఉన్న భార్యకు లేదు. పట్టా ఒక్కటే చూసి ఆగొద్దు. నేషనల్ ఆర్కైవ్స్‌లోని కేసు ఫైలులో ఇల్లు ఎంత పొడవు, ఎన్ని కిటికీలు, ఎన్ని ఎకరాలు దున్నింది, ఇంట్లో ఎవరెవరున్నారు అన్న సాక్ష్యాలుంటాయి. భర్త మధ్యలో పోతే విధవే పూర్తిచేసేది, అప్పుడు ఆయన మరణ తేదీ కూడా అందులోనే ఉంటుంది.

## పింఛను, చర్చి, సమాధి

భర్త సివిల్ వార్‌లో, అంటే ఉత్తర దక్షిణ రాష్ట్రాల అంతర్యుద్ధంలో, పనిచేశాడు. పింఛను ఫైలులో ఆమె గురించి దొరుకుతుందా?

పల్లె స్త్రీ గురించి ఇంతకంటే వివరంగా మాట్లాడే కాగితం ఇంకోటి లేదు. 1862 జూలై 14 చట్టం ప్రకారం ఉత్తరాది మామూలు సైనికుడి విధవకు నెలకు 8 డాలర్లు, 1886లో అది 12 అయింది. దానికోసం పెళ్లి జరిగిందని, పిల్లలు ఎప్పుడు పుట్టారో రుజువు చేయాలి. పెళ్లి నమోదు లేనివాళ్లు పొరుగువాళ్లను, మంత్రసానిని, అన్నదమ్ముల్ని తెచ్చి ప్రమాణ పత్రాలు రాయించారు. కుటుంబ బైబిల్లో పుట్టుకలు రాసుకున్న పేజీని చించి పంపినవాళ్లున్నారు, ఆ పేజీలు ఇప్పటికీ ఫైళ్లలో ఉన్నాయి.

ఫైళ్లు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ముందు 1861–1934 సూచిక కార్డులో భర్త పేరు చూసి, విధవ వరుసలో దరఖాస్తు నంబరు, సర్టిఫికెట్ నంబరు రాసుకోండి. దరఖాస్తు నంబరు ఉండి సర్టిఫికెట్ నంబరు లేకపోతే తిరస్కరించారన్నమాట. అలాంటి ఫైలును అసలు వదలొద్దు, అనుమానం వచ్చినచోటే అధికారులు ఎక్కువమందిని విచారించారు. తెప్పించేటప్పుడు కొన్ని ముఖ్య పేజీలు కాక పూర్తి ఫైలు అడగండి. కొడుకు యుద్ధంలో పోతే అతని మీద ఆధారపడిన తల్లి కూడా దరఖాస్తు పెట్టుకుంది, కాబట్టి పెళ్లికాని కొడుకుల పేర్లు కూడా చూడాలి.

దక్షిణాది సైనికుల విధవలకు పింఛనిచ్చింది రాష్ట్రాలు. భర్త ఏ రాష్ట్రం తరఫున పోరాడాడో అక్కడ కాదు, ఆమె ముసలితనంలో ఎక్కడ ఉందో ఆ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో వెతకాలి.

చర్చి పుస్తకాల్లో బాప్తిస్మాలు చూస్తే సరిపోదా?

ఏ సంఘమో దాన్నిబట్టి. లూథరన్లు, జర్మన్ రిఫార్మ్‌డ్ వాళ్లు పసిపిల్లల బాప్తిస్మం, సాక్షుల పేర్లు రాశారు. సాక్షులు చాలాసార్లు తల్లివైపు బంధువులు. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, అక్కడ పుట్టుకలు దొరకవు. కానీ సభ్యురాలు ఊరు మారితే తీసుకెళ్లే బదిలీ ఉత్తరం సంగతి సంఘం మినిట్స్‌లో ఉంటుంది. గుర్రం మీద ఊరూరూ తిరిగిన మెథడిస్టు బోధకుల పుస్తకాలు వాళ్ల సంచుల్లోనే పోయినవి ఎక్కువ. క్వేకర్లు అందరికంటే నయం, ఆడవాళ్ల సమావేశాలకు విడిగా మినిట్స్ రాశారు, పెళ్లికి వచ్చినవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించారు.

సమాధి రాయి మీద వయసు రోజులతో సహా ఉంది. పుట్టిన తేదీ ఎలా కట్టాలి?

మొదట ఏళ్లు, తర్వాత నెలలు, చివర రోజులు తీసేయండి. 1867 మార్చి 12న మరణం, వయసు 34 ఏళ్ల 5 నెలల 20 రోజులు అయితే: 1833 మార్చి 12, ఆపై 1832 అక్టోబరు 12, ఆపై 1832 సెప్టెంబరు 22. ఒకటి రెండు రోజుల తేడా పెట్టుకోండి. రాయి మీద "కాన్సార్ట్" అని ఉంటే భర్త కంటే ముందు పోయింది, "రెలిక్ట్" అని ఉంటే విధవగా పోయింది. భర్తది, ఇద్దరు భార్యలది ఒకే రకం రాయి, ఒకే అక్షరాలు అయితే ఆ రాళ్లు ఎవరో చాలా ఏళ్ల తర్వాత వేయించారన్నమాట, తేదీలు సరిచూడాలి.

కుటుంబ బైబిల్లో రాసిన తేదీలు నమ్మొచ్చా?

ముందు బైబిల్ అచ్చయిన సంవత్సరం చూడండి. 1870లో అచ్చయిన పుస్తకంలో 1828 పుట్టుక ఉంటే అది జ్ఞాపకం నుంచి రాసింది. సిరా, చేతిరాత వరుసకు వరుసకు మారుతుంటే అప్పటికప్పుడు రాశారని, అంతా ఒకే సిరా అయితే ఒక్క కూర్చోవడంలో ఎక్కించారని అర్థం. అచ్చయిన సంవత్సరం ఉన్న పేజీ కూడా ఫొటో తీయించుకోండి, అందరూ మర్చిపోయేది అదే.

## వేరే దారిలో వెతకాల్సినవాళ్లు

ఆమె బానిసగా పుట్టిన నల్లజాతి స్త్రీ. 1870కి ముందు పేరే లేదు. ఎలా?

1850, 1860ల బానిసల జాబితాల్లో యజమాని పేరే ఉంది. వాళ్లవి వయసు, లింగం, రంగు మాత్రమే రాశారు. అందుకే వెతుకులాట యజమాని కాగితాల్లోకి వెళ్లక తప్పదు: అతని వీలునామా, ఆస్తి జాబితా, తాకట్టు దస్తావేజులు. మనుషుల్ని పశువులతోపాటు ధర కట్టిన జాబితాలవి, చదవడానికి మనసు ఒప్పదు. కానీ బిడ్డ తల్లి స్థితినే పొందుతుందన్న నాటి చట్టం వల్ల "హానా, ఆమె ఇద్దరు పిల్లలు" అని తల్లిని, పిల్లల్ని కలిపి రాశారు. తండ్రి పేరు పోయినచోట తల్లి పేరు మిగిలింది.

యజమాని ఎవరో తేలడానికి విముక్తులైన బానిసల కోసం పెట్టిన ప్రభుత్వ కార్యాలయం ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో 1865–1872 కూలి ఒప్పందాలు, వాళ్ల పొదుపు కోసం పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు 1865–1874 ఖాతా పుస్తకాలు చూడాలి. బ్యాంకు పుస్తకాల్లో ఖాతాదారు తల్లిదండ్రులు, తోబుట్టువులు, పాత యజమాని పేర్లు ఉన్నవి చాలా ఉన్నాయి. వర్జీనియా, నార్త్ కరోలినాల్లో 1866లో భార్యాభర్తలుగా బతుకుతున్నవాళ్లను నమోదు చేశారు. విముక్తి తర్వాత పెట్టుకున్న ఇంటిపేరు చివరి యజమానిదే అని ముందే తీర్మానించుకోవద్దు.

మా ఊళ్లో బడో ఆసుపత్రో పెట్టిన అమెరికన్ దొరసాని కుటుంబం గురించి తెలుసుకోవచ్చా?

మామూలు పల్లె స్త్రీ కంటే తేలిక. గుంటూరులో ఆసుపత్రి పెట్టిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1856లో పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో పుట్టి, 1883లో ఇక్కడికి వచ్చి, 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. ఇలాంటివాళ్లకు పుట్టిన చోటు ముందే తెలుసు కాబట్టి 1860, 1870 లెక్కల్లో తల్లిదండ్రుల ఇల్లు నేరుగా వెతకొచ్చు. తక్కువ తెలిసినవాళ్లకైతే మిషన్ వార్షిక నివేదికలు, 1925 వరకు ఉన్న పాస్‌పోర్టు దరఖాస్తులు, చదివిన సెమినరీ పూర్వవిద్యార్థుల పుస్తకాలు చూడండి. నెల్లూరు, ఒంగోలు వైపు పనిచేసినవాళ్ల కాగితాలకు అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీని అడగాలి. పాస్టరు భార్యగా వచ్చినావిడ నివేదికల్లో భర్త పేరుతోనే "మిసెస్" అని ఉంటుంది. సొంత పేరు కోసం సమాధి రాయి చూడండి.

## రుజువు చేసుకోవడం

ఆన్‌లైన్ వంశవృక్షాల్లో నలభై చోట్ల ఆమె తల్లిదండ్రుల పేర్లున్నాయి. ఇంకేం కావాలి?

కాగితం కావాలి. నలభైలో ముప్పై తొమ్మిది ఒకదాన్ని చూసి ఇంకోటి ఎత్తిరాసినవే కావచ్చు. ఆ వృక్షంలో కూతురు పుట్టేనాటికి తల్లి వయసెంత, తండ్రి బతికున్నాడా, తోబుట్టువులు అదే కౌంటీలో ఉన్నారా అని చూస్తే చాలా వాటి పని అక్కడే అయిపోతుంది.

నేరుగా రుజువు ఒక్కటీ లేదు. పొరుగువాళ్లను చూడమంటారు, ఎందుకు?

పల్లెలో పిల్ల రెండు మూడు మైళ్ల దూరంలోనే పెళ్లి చేసుకునేది. కుటుంబాలు కొత్త రాష్ట్రానికి వెళ్తే బంధువులు, చర్చివాళ్లు కలిసి బళ్లు కట్టుకుని వెళ్లారు. భర్త దస్తావేజుల సాక్షులు, అతని ఎస్టేటు జామీనుదారులు, జనాభా లెక్కలో అటు పది ఇళ్లు ఇటు పది ఇళ్లు, అన్నీ ఒక పట్టికలో వేయండి. రెండు రాష్ట్రాల్లోనూ భర్త పక్కనే కనిపించే ఇంటిపేరు ఉంటే ఆ కుటుంబంలో ఆమె వయసుకు సరిపడే కూతురుందా అని చూడాలి. అప్పటికీ అది అంచనానే. అదే వయసున్న ఇతర మేరీలందరూ ఎవరిని పెళ్లాడారో తేల్చి ఒక్కొక్కరినీ తీసేశాక మిగిలినదే నిలుస్తుంది.

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తేలిపోతుందా?

ఒంటరిగా తేల్చదు, మీ అంచనాను పరీక్షిస్తుంది. మామూలు ఆటోసోమల్ పరీక్షలో (తల్లి, తండ్రి ఇద్దరి వైపుల నుంచీ వచ్చిన డీఎన్‌ఏను చూసేది) ముత్తవ్వ తల్లి నుంచి వచ్చేది సగటున 6.25 శాతం, ఆమె తల్లి నుంచి 3.125. అందుకే ఇంట్లో బతికున్న పెద్దవాళ్ల చేత ముందు చేయించండి, ఒక్క తరం దగ్గరైనా బలం రెట్టింపు. మీరు అనుమానిస్తున్న దంపతుల ఇతర పిల్లల సంతానంతో, ఒకరితో కాక పలువురితో సరిపోలాలి. ఇంకే దారిలోనూ చుట్టరికం లేదని కూడా చూసుకోవాలి, పల్లెల్లో రెండు కుటుంబాల మధ్య మూడు పెళ్లిళ్లు మామూలు.

తల్లి నుంచి బిడ్డకు మాత్రమే వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ ఇంకో సాధనం. ఇద్దరు స్త్రీలు అక్కచెల్లెళ్లని మీ అంచనా అయితే, ఇద్దరి నుంచీ తెగకుండా కూతురి కూతురి వరుసలో వచ్చిన ఒక్కొక్కరి చేత చేయించాలి. చివరి మనిషి మగవాడైనా పర్వాలేదు. స్పష్టంగా వేరైతే అంచనా తప్పు. సరిపోలితే మాత్రం కలిసే చోటు వందల ఏళ్ల వెనక కూడా ఉండొచ్చు.

ఇండియాలో కూర్చుని ఇదంతా చేయగలమా?

చాలావరకు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైటులో ఉచిత ఖాతా తెరవండి. పేరుతో వెతికితే రానివి ఎక్కువ, కేటలాగ్‌లో కౌంటీ పేరు పెట్టి పుస్తకాల ఫొటోలు పేజీ పేజీ తిప్పాలి. 2024లో అక్కడ వచ్చిన పూర్తిపాఠ శోధన చేతిరాత దస్తావేజుల లోపలి పేర్లు కూడా చదువుతుంది. సూచికలకెక్కని భార్యలు, కూతుళ్లు దానివల్ల బయటపడుతున్నారు. భర్త పేరు, ఆమె మొదటి పేరు, "వారసులు" అన్న మాట కలిపి ప్రయత్నించండి. యంత్రం అక్షరాలు తప్పు చదువుతుంది, స్పెల్లింగ్ మార్చి మార్చి చూడాలి. కొన్ని ఫొటోలు వాళ్ల కేంద్రాల్లోనే తెరుచుకుంటాయి. పాత పత్రికలకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానిక్లింగ్ అమెరికా ఉచితం. అక్కడ భర్త పేరు ముందు "మిసెస్" పెట్టి వెతకాలి.

కౌంటీ గుమాస్తాకు ఉత్తరం రాయాల్సి వస్తే ఒక్క మనిషి, ఒక్క రకం పత్రం, ఐదేళ్ల వ్యవధి అడగండి. పుస్తకం నంబరు, పేజీ నంబరు ఇస్తే నకలు త్వరగా వస్తుంది. "ఈ కుటుంబం గురించి ఉన్నదంతా పంపండి" అంటే జవాబు రాదు.